యూనిట్ – 7: ఆన్‌లైన్ వేలంలో వస్తు వివరణ – సినిమా జ్ఞాపికల అమ్మకం

7.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను చదివిన తరవాత మీరు:
• ఆన్‌లైన్ వేలం పనిచేసే విధానాన్ని వివరించగలుగుతారు.
• అమ్మదలచిన వస్తువును గుర్తించి, దాని వివరాలను సరిచూసుకోగలుగుతారు.
• శీర్షిక, వివరణ, ఫొటోలు, ధర, గడువు అనే అయిదు అంశాలతో లిస్టింగ్ తయారుచేయగలుగుతారు.
• అమ్మకంలో పాటించవలసిన చట్టపరమైన జాగ్రత్తలను పేర్కొనగలుగుతారు.

7.1 విషయ పరిచయం

వేలం పాట మనకు కొత్తది కాదు. ఏటా వినాయక నిమజ్జనం రోజున హైదరాబాద్ శివారులోని బాలాపూర్‌లో గణేశుడి లడ్డూను వేలం వేస్తారు. 1994లో తొలిసారి రూ. 450 పలికిన ఆ లడ్డూ 2024లో రూ. 30,01,000 పలికింది. అక్కడ పాట పాడేవారికి లడ్డూ గురించి ఎవరూ వివరించనక్కరలేదు. అది కళ్లెదుటే ఉంటుంది. దాని చరిత్ర ఊరందరికీ తెలుసు.

ఆన్‌లైన్ వేలంలో ఈ రెండు సౌకర్యాలూ ఉండవు. కొనేవారు ఎక్కడో విజయవాడలోనో, డాలస్‌లోనో ఉంటారు. వస్తువును చేతిలోకి తీసుకుని చూడలేరు. అమ్మేవారెవరో తెలియదు. మీరు రాసిన మాటలు, పెట్టిన ఫొటోలు మాత్రమే వారికి ఆధారం. ఒక వస్తువును వేలానికి పెడుతూ తయారుచేసే ఈ పూర్తి వివరణనే 'లిస్టింగ్' అంటారు. బాలాపూర్‌లో కళ్లు చేసే పనిని ఇక్కడ లిస్టింగ్ చేయాలి.

ఈ యూనిట్‌లో ఉదాహరణగా పాత తెలుగు సినిమా జ్ఞాపికలను తీసుకుంటున్నాం. దీనికి కారణం ఉంది. తెలుగు చిత్ర పరిశ్రమ మద్రాసు నుంచి క్రమంగా హైదరాబాద్‌కు తరలివచ్చింది. 1976లో అక్కినేని నాగేశ్వరరావు అన్నపూర్ణ స్టూడియోస్‌ను ప్రారంభించారు. ఆ తరవాత పద్మాలయా, రామానాయుడు స్టూడియోలు వచ్చాయి. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతాలు పరిశ్రమకు నెలవయ్యాయి. తారల ఇళ్లతోపాటు, దిగువన కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గల్లీలలో మేకప్, కాస్ట్యూమ్స్, ప్రొడక్షన్ శాఖలలో పనిచేసినవారి కుటుంబాలు స్థిరపడ్డాయి. అలాంటి ఇళ్లలో అటక మీద పోస్టర్లు, పాటల పుస్తకాలు, స్టిల్ ఫొటోలు, గ్రామఫోను రికార్డులు ఇప్పటికీ ఉండవచ్చు.

ఒక సందర్భాన్ని ఊహించండి. ప్రొడక్షన్ శాఖలో ముప్పై ఏళ్లు పనిచేసిన తండ్రి మరణించారు. ఆయన ట్రంకుపెట్టెలో పోస్టర్ల కట్ట దొరికింది. ఇల్లు ఖాళీ చేయాలి, తమ్ముడి కాలేజీ ఫీజు కట్టాలి. పాత పేపర్లు కొనే వ్యక్తి వచ్చి కిలోల లెక్కన తూస్తానంటున్నాడు. కూతురి దగ్గర ఉన్నవి ఒక ఫోను, రెండు వారాల వ్యవధి. ఈ యూనిట్‌ను ఆ అమ్మాయి అవసరాన్ని దృష్టిలో పెట్టుకుని చదవండి.

7.2 ఆన్‌లైన్ వేలం – పనిచేసే విధానం

1995లో అమెరికాలో పియెర్ ఒమిడ్యార్ ప్రారంభించిన వేలం వెబ్‌సైటు తరవాత 'ఈబే'గా ప్రసిద్ధి పొందింది. అందులో తొలుత అమ్ముడైన వస్తువుగా చెప్పేది పాడైపోయిన లేజర్ పాయింటర్. అది 14.83 డాలర్లకు పోయింది. పాడైపోయిందని తెలిసే కొనుగోలుదారు దానిని కొన్నాడు. లోపాన్ని దాచకుండా చెప్పినా కావలసినవారు దొరుకుతారన్నది ఇందులోని పాఠం.

మన దేశంలో 'బాజీ' అనే వేలం వెబ్‌సైటును ఈబే 2004లో కొనుగోలు చేసింది. ఈబే భారతీయ వెబ్‌సైటు 2018లో మూతపడింది. ప్రస్తుతం విదేశీ వేలం వెబ్‌సైట్లలోను, సేకర్తల కోసం నడిచే వేలం సంస్థల ద్వారాను, ఫేస్‌బుక్, వాట్సాప్ గ్రూపులలోను అమ్మకాలు జరుగుతున్నాయి. వేదిక ఏదైనా కింది పదాలు తెలిసి ఉండాలి.

ప్రారంభ ధర: పాట మొదలయ్యే మొత్తం. మన ఊళ్లలో దీనినే 'సర్కారు వారి పాట' అంటారు.

కనిష్ఠ అంగీకార ధర: ఇంతకు తక్కువైతే అమ్మనని మీరు ముందుగా నిర్ణయించుకునే మొత్తం. కొన్ని వేదికలలో దీనిని రహస్యంగా ఉంచవచ్చు.

పాట పెంపు: ఒక పాటకు, తరవాతి పాటకు మధ్య ఉండవలసిన కనీస తేడా.

గడువు: ఊరి వేలంలో 'ఒకటోసారి, రెండోసారి, మూడోసారి' అనడంతో పాట ముగుస్తుంది. ఆన్‌లైన్‌లో చాలా వరకు గడియారమే ముగిస్తుంది.

గరిష్ఠ పాట: ఈబే వంటి వేదికలలో పాటదారు తాను ఇవ్వగల గరిష్ఠ మొత్తాన్ని ముందే నమోదు చేస్తాడు. పోటీని బట్టి అవసరమైనంత మేరకే యంత్రం అతని తరఫున పాడుతుంది. ఉదాహరణకు ప్రారంభ ధర రూ. 500, పెంపు రూ. 100 అనుకుందాం. మొదటి వ్యక్తి గరిష్ఠం రూ. 3,000, రెండవ వ్యక్తి గరిష్ఠం రూ. 2,200. వస్తువు మొదటి వ్యక్తికే దక్కుతుంది, కాని రూ. 2,300కే. అంటే ధరను నిర్ణయించింది రెండవ వ్యక్తి. ఒక్కరే నమ్మితే ప్రారంభ ధరే వస్తుంది. కనీసం ఇద్దరు గట్టిగా నమ్మితేనే ధర పెరుగుతుంది. లిస్టింగ్ ఎందుకు స్పష్టంగా ఉండాలో ఈ లెక్కే చెబుతుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
పై ఉదాహరణలో రెండవ వ్యక్తి గరిష్ఠ పాట రూ. 1,400 అయితే వస్తువు ఎంతకు అమ్ముడవుతుంది? (జవాబు: రూ. 1,500.)

7.3 రాయడానికి ముందు – వస్తువును గుర్తించడం

చాలామంది చేసే పొరపాటు, వస్తువును పరిశీలించకుండానే రాయడం మొదలుపెట్టడం. ముందుగా కింది నాలుగు ప్రశ్నలకు జవాబులు వెతకండి.

(అ) ఇది ఏమిటి? గోడకు అంటించే పోస్టరా, థియేటర్ వరండాలో పెట్టే ఫొటో కార్డా, పాటల పుస్తకమా? టేపుతో కొలవండి. మన సినిమాల సింగిల్ షీట్ పోస్టరు సుమారు 30×40 అంగుళాలు ఉంటుంది. అయినా పుస్తకంలోని కొలతను కాక మీరు తీసిన కొలతనే రాయాలి. గ్రామఫోను రికార్డు అయితే లేబుల్ మీద కంపెనీ పేరు, నంబరు, నిమిషానికి ఎన్ని చుట్లు (78, 45, 33⅓) తిరిగేదో చూసి రాసుకోండి.

(ఆ) ఇది ఎప్పటిది? సినిమా వచ్చిన సంవత్సరం, పోస్టరు అచ్చయిన సంవత్సరం ఒకటే కానక్కరలేదు. బాగా ఆడిన చిత్రాలను పదేపదే విడుదల చేసేవారు, అప్పుడు కొత్త పోస్టర్లు వేసేవారు. 'మాయాబజార్' 1957లో విడుదలైంది. దానికి రంగులద్దిన ప్రతి 2010లో విడుదలైంది. రెండు విడుదలల కాగితాలకూ సినిమా పేరు ఒకటే, విలువ మాత్రం ఒకటి కాదు. పాత పోస్టర్లు కూడా రంగులలోనే అచ్చయ్యేవి కాబట్టి రంగును చూసి నిర్ణయానికి రాకూడదు. మరొక చిక్కు కూడా ఉంది. 'శంకరాభరణం' 1979 సంవత్సరపు చిత్రంగా జాతీయ అవార్డు అందుకుంది, థియేటర్లకు వచ్చింది 1980 ఫిబ్రవరిలో. అందుకే సంవత్సరం రాసేటప్పుడు అది విడుదల సంవత్సరమో కాదో స్పష్టం చేయాలి.

(ఇ) ఆధారాలేమిటి? పోస్టరు అడుగున సన్నని అక్షరాలలో ప్రెస్సు పేరు, ఊరు ఉంటే చదవండి. ఒక మూల బాపు, ఈశ్వర్ వంటి పబ్లిసిటీ డిజైనర్ల సంతకం ఉండవచ్చు. అది అచ్చులో భాగమైన సంతకమే గాని పెన్నుతో చేసింది కాదు. ఈ తేడాను లిస్టింగ్‌లో చెప్పకపోతే కొనేవారు పొరబడతారు.

(ఈ) ఇది మీ చేతికి ఎలా వచ్చింది? దీనిని మూలచరిత్ర అంటారు. నటుడు విజయ్ దేవరకొండ 'అర్జున్ రెడ్డి' చిత్రానికి అందుకున్న ఫిల్మ్‌ఫేర్ అవార్డును 2018లో వేలానికి పెట్టగా రూ. 25 లక్షలు వచ్చింది. ఆ మొత్తాన్ని ముఖ్యమంత్రి సహాయ నిధికి ఇచ్చారు. అక్కడ మూలచరిత్ర గురించి అనుమానానికి తావు లేదు. అందుకున్నవాడే అమ్ముతున్నాడు, అందుకోవడాన్ని జనం చూశారు. మన ట్రంకుపెట్టెకు అంత సాక్ష్యం ఉండదు. తండ్రి పాత గుర్తింపు కార్డు, పనిచేసిన సినిమాల పేర్లు, అప్పటి ఫొటో ఒకటి ఉంటే చాలు, అవి ఎంతో ఉపయోగపడతాయి. 'ఈ చొక్కా హీరో వేసుకున్నదే' అని ఇంట్లో చెప్పుకునే మాట మాత్రం సాక్ష్యం కాదు. సినిమాలోని స్టిల్‌తో పక్కపక్కన పెట్టి, గళ్లు, కుట్లు సరిపోతున్నాయని చూపగలిగితేనే అలా రాయాలి.

7.4 శీర్షిక

కొనేవారు వెతికే పదాలకు లిస్టింగ్ శీర్షిక అందాలి. ఈబేలో శీర్షికకు 80 అక్షరాలే అవకాశం. 'అద్భుతం', 'అరుదైనది', 'తప్పక చూడండి' వంటి మాటలను ఎవరూ వెతకరు. సినిమా పేరు, వస్తువు రకం, విడుదల సంవత్సరం, ప్రధాన తార, సంస్థ, కొలత – వీటికి చోటివ్వాలి.

తెలుగు పేర్లను ఇంగ్లిష్ అక్షరాలలో ఒక్కొక్కరు ఒక్కో విధంగా రాస్తారు. 'బజార్'ను కొందరు ఒక 'ఏ'తో, కొందరు రెండు 'ఏ'లతో రాస్తారు. 'మాయాబజార్'ను ఒక మాటగా రాసేవారున్నారు, రెండు మాటలుగా విడదీసేవారున్నారు. ఎక్కువగా వాడే రూపాన్ని శీర్షికలో, మిగిలిన రూపాలను వివరణలో ఇవ్వండి. అలాగే ఎన్టీఆర్, ఏఎన్నార్ అని వెతికేవారే ఎక్కువ కాబట్టి పూర్తి పేరుతోపాటు పొడి అక్షరాలూ ఇవ్వాలి. వివరణలో సినిమా పేరును తెలుగు లిపిలో కూడా రాయండి.

7.5 వివరణ, స్థితి

వివరణను మూడు చిన్న పేరాలుగా రాయడం మంచిది. మొదటి పేరాలో వస్తువు, రెండవ దానిలో స్థితి, మూడవ దానిలో మూలచరిత్ర, పంపే విధానం ఉండాలి.

స్థితిని చెప్పేటప్పుడు 'బాగుంది', 'పాతదే అయినా పరవాలేదు' అనే మాటలు చాలవు. మడతలు ఎన్ని, చిరుగు ఎన్ని అంగుళాలు, చెద తిన్న చోటు ఎక్కడ, తేమ మరక ఏ మూల, పిన్ను రంధ్రాలు ఎన్ని – ఇలా లెక్కతో రాయాలి. మీకు తెలియనిది ఉంటే 'నిర్ధారించలేకపోయాను' అని రాయండి. ఈ మాట వల్ల ధర కొంత తగ్గవచ్చు. దాని బదులు మీరు రాసిన మిగిలిన మాటలన్నింటి మీదా నమ్మకం కలుగుతుంది.

అమ్మకానికి ముందు వస్తువును 'బాగుచేయాలి' అనుకోకండి. చిరుగుకు సెల్లోటేపు అంటించడం, ల్యామినేషన్ చేయించడం, వెలిసిన రంగుకు స్కెచ్ పెన్ను వేయడం వల్ల సేకర్తల దృష్టిలో విలువ పడిపోతుంది.

7.6 ఫొటోలు

వస్తువును కిటికీ పక్కన నేల మీద పరచి, పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా తీయండి. పూర్తి ముందు భాగం, పూర్తి వెనుక భాగం, నాలుగు మూలలు, ప్రెస్సు పేరున్న వరుస, ప్రతి లోపం – వీటికి విడివిడిగా ఫొటో ఉండాలి. ఒక ఫొటోలో టేపును పక్కన పెట్టండి. రంగులను పెంచే ఫిల్టర్లు వాడరాదు. ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో అసలే పెట్టరాదు. కొనేవారు చూడవలసింది మీ దగ్గరున్న కాగితాన్నే.

7.7 ధర, గడువు

అలాంటి వస్తువులు ఎంతకు అమ్ముడయ్యాయో చూసి ధరను అంచనా వేయాలి. అమ్మేవారు అడుగుతున్న ధరలను కాక, ముగిసిన వేలాలలో నిజంగా పలికిన ధరలను చూడండి. తక్కువ ప్రారంభ ధర ఎక్కువమందిని ఆకర్షిస్తుంది, కాని పోటీ లేకపోతే ఆ ధరకే ఇచ్చేయవలసి వస్తుంది. కాబట్టి మీరు నష్టపోకుండా ఇవ్వగల మొత్తాన్ని ప్రారంభ ధరగానో, కనిష్ఠ అంగీకార ధరగానో పెట్టండి. వేదిక తీసుకునే రుసుము, ప్యాకింగ్, స్పీడ్ పోస్ట్ ఖర్చులను ముందే లెక్కించాలి.

గడువు ముగిసే వేళ కూడా ముఖ్యమే. చివరి నిమిషాలలోనే ఎక్కువ పాటలు పడతాయి. ఆదివారం రాత్రి 8 గంటలకు ముగిసేలా పెడితే హైదరాబాద్‌లో అందరూ ఇంట్లో ఉంటారు. వేసవిలో అదే సమయానికి న్యూయార్క్‌లో ఉదయం 10.30 అవుతుంది. అక్కడి తెలుగువారూ పాల్గొనగలుగుతారు.

7.8 రెండు లిస్టింగులు – పోలిక

ఒకే పోస్టరుకు రాసిన రెండు నమూనాలు చూడండి. ఇవి అభ్యాసం కోసం కల్పించినవి.

నమూనా – 1
'చాలా అరుదైన సూపర్ స్టార్ కృష్ణ పాత పోస్టర్! ఒరిజినల్! అభిమానులు వదులుకోకండి! కండిషన్ సూపర్. త్వరపడండి.'

నమూనా – 2
శీర్షిక: 'అల్లూరి సీతారామరాజు (1974) తెలుగు సినిమా పోస్టర్ – కృష్ణ – 30×40 అంగుళాలు'

వివరణ: '1974లో విడుదలైన తెలుగు సినిమాస్కోప్ చిత్రం అల్లూరి సీతారామరాజు పోస్టరు. కృష్ణ కథానాయకుడు, పద్మాలయా వారి చిత్రం. నేను కొలిచిన పరిమాణం 29¾ × 39½ అంగుళాలు. కాగితం మీద అచ్చు సంవత్సరం లేదు. ఇది మొదటి విడుదల నాటిదా, తరవాతి విడుదల నాటిదా నిర్ధారించలేకపోయాను. అడుగున ఉన్న ప్రెస్సు పేరును అయిదవ ఫొటోలో చూడవచ్చు.

నిలువుగా ఒకటి, అడ్డంగా రెండు మడతలు ఉన్నాయి. ఎడమ అంచున 2 అంగుళాల చిరుగు. కింది కుడి మూల తేమ మరక, బొమ్మ దాకా రాలేదు. వెనుక అతుకులు, టేపు లేవు.

మా నాన్నగారు చిత్ర పరిశ్రమలో ప్రొడక్షన్ శాఖలో పనిచేశారు. ఈ పోస్టరు ఆయన పెట్టెలోనిది. అట్ట గొట్టంలో చుట్టి, ప్లాస్టిక్ కవరు వేసి, వేలం ముగిసిన 3 రోజులలో స్పీడ్ పోస్ట్‌లో పంపుతాను.'

మొదటి నమూనాలో ఒక్క వివరమూ లేదు. సినిమా పేరు కూడా లేదు కాబట్టి వెతికినవారికి దొరకదు. 'ఒరిజినల్' అన్న మాటకు ఆధారం లేదు. రెండవ నమూనాలో మొదటి విడుదల అని చెప్పుకునే ఆశను అమ్మాయి వదులుకుంది. ప్రెస్సు పేరు చూసి తెలిసిన సేకర్త తానే తేల్చుకుంటాడు. అలాంటివారు ఇద్దరుంటే ధర దానంతటదే పెరుగుతుంది.

ఈ నిజాయితీకి డబ్బుతో సంబంధం లేని ప్రయోజనం కూడా ఉంది. 1921 నాటి మూకీ చిత్రం 'భీష్మప్రతిజ్ఞ' ఇప్పుడు చూడటానికి లేదు. అలాంటి చిత్రాల గురించి తెలుసుకోవడానికి మిగిలేవి కాగితాలే. మీరు ఊహించి రాసిన ఒక సంవత్సరాన్ని మరొకరు ఎత్తి రాసుకుంటారు, కొంతకాలానికి అదే చరిత్రగా చెలామణి అవుతుంది. అమ్మే ముందు ప్రతి వస్తువుకూ ఒక మంచి ఫొటో తీసి దాచుకోండి. కాగితం చేయి మారినా సమాచారం మీ ఇంట్లో నిలుస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
నమూనా – 2లో అమ్మకందారు తనకు తెలియని విషయాన్ని ఎక్కడ ఒప్పుకున్నారు? దాని వల్ల కలిగే లాభనష్టాలను మూడు వాక్యాలలో రాయండి.

7.9 చట్టం, జాగ్రత్తలు

1. మీది కానిది అమ్మరాదు. ఫిల్ము రీళ్లు, నెగటివ్‌లు ఇంట్లో ఉన్నంత మాత్రాన వాటి హక్కులు మీవి కావు. అసలు పోస్టరును అమ్మవచ్చు గాని దానిని స్కాన్ చేసి కొత్త ప్రతులు అచ్చువేసి అమ్మడం కాపీరైటు ఉల్లంఘన కావచ్చు.

2. 1950ల తొలి సంవత్సరాల వరకు వాడిన నైట్రేటు ఫిల్ము చాలా తేలికగా అంటుకుంటుంది. అలాంటి పాత రీళ్లు దొరికితే ఎండలో ఉంచకండి, పోస్టులో పంపకండి. ముందుగా నిపుణులను సంప్రదించండి.

3. 1972 నాటి పురావస్తువులు, కళాఖండాల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన కళావస్తువులు, డెబ్బై అయిదేళ్లు దాటిన చారిత్రక, సాహిత్య విలువ గల రాతప్రతులు, పత్రాలు పురావస్తువుల కిందికి రావచ్చు. వాటిని వ్యక్తులు విదేశాలకు పంపరాదు. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' 1932లో వచ్చింది. పాత చేతిరాత స్క్రిప్టు వంటివి దొరికితే విదేశీ వేలంలో పెట్టేముందు పురావస్తు శాఖను అడిగి తెలుసుకోవాలి.

4. వ్యాపారంగా అమ్మేవారికి 2020 నాటి వినియోగదారుల పరిరక్షణ (ఇ-కామర్స్) నియమాలు వర్తిస్తాయి. వివరణకు భిన్నమైన వస్తువు పంపితే తిరిగి తీసుకోవడానికి నిరాకరించరాదు. ఇంట్లోని ఒకటి రెండు వస్తువులు అమ్మేవారు కూడా ఇదే పద్ధతి పాటించడం మంచిది.

5. డబ్బు అందుకోవడానికి యూపీఐ పిన్ నొక్కనక్కరలేదు. 'డబ్బు పంపుతున్నాను, ఈ కోడ్ స్కాన్ చేసి పిన్ కొట్టండి' అని ఎవరైనా అంటే అది మోసమే. మోసపోయినట్లు గమనించిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఖాతాలో డబ్బు పడినట్లు చూసుకున్న తరవాతే వస్తువు పంపండి.

6. పోస్టర్లను కొత్తగా మడవరాదు. బట్టల షాపులలో బట్ట చుట్టి వచ్చే అట్ట గొట్టాలు అడిగితే దొరుకుతాయి. వానాకాలంలో ప్లాస్టిక్ కవరు తప్పనిసరి.

7.10 సారాంశం

ఆన్‌లైన్ వేలంలో వస్తువు బదులు లిస్టింగ్ మాట్లాడుతుంది. వస్తువును కొలిచి, పరిశీలించి, ఆధారాలు చూసిన తరవాతే రాయాలి. శీర్షికలో వెతికే పదాలు, వివరణలో లెక్కతో కూడిన స్థితి, ఫొటోలలో లోపాలతో సహా అసలు రూపం ఉండాలి. ధరను పెంచేది పొగడ్త కాదు, కనీసం ఇద్దరు పాటదారుల నమ్మకం. తెలియనిదాన్ని తెలియదని రాయడం ఆ నమ్మకానికి మొదటి మెట్టు.

7.11 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 30 పంక్తులలో జవాబు రాయండి.
1. మంచి లిస్టింగ్‌కు ఉండవలసిన అంశాలను ఉదాహరణలతో వివరించండి.
2. పాత సినిమా పోస్టరు కాలాన్ని నిర్ణయించడంలో ఎదురయ్యే చిక్కులను చర్చించండి.

II. కింది ప్రశ్నలకు ఒక్కొక్కదానికి 10 పంక్తులలో జవాబు రాయండి.
1. మూలచరిత్ర అంటే ఏమిటి?
2. గరిష్ఠ పాట పద్ధతిలో తుది ధర ఎలా నిర్ణయమవుతుంది?

III. కృత్యం
మీ ఇంట్లో ఇరవై ఏళ్లు దాటిన వస్తువు ఒకటి ఎంచుకోండి. అది పెళ్లి శుభలేఖ కావచ్చు, క్యాసెట్ కావచ్చు. 7.3లోని నాలుగు ప్రశ్నలకు జవాబులు రాసి, లిస్టింగ్ తయారుచేయండి. వస్తువును చూడని స్నేహితునికి దానిని చదివి వినిపించండి. వారు అడిగిన ప్రతి ప్రశ్నా మీ లిస్టింగ్‌లో మిగిలిపోయిన ఖాళీ. ఆ ఖాళీలను నింపి తిరిగి రాసి, సంప్రదింపు తరగతికి తీసుకురండి.